బడి మూతపడ్డ రోజుల్లో ఆడపిల్లల చదువు, హెచ్‌ఎంకి కావాల్సిన తోడు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఈ మధ్యే ప్రమోషన్ మీద నారాయణపేట జిల్లాలో హైస్కూల్ హెచ్‌ఎంగా, అంటే ప్రధానోపాధ్యాయురాలిగా చేరారు. పాత రిజిస్టర్లు తిరగేస్తే, కోవిడ్ కాలంలో తొమ్మిది, పది చదువుతున్న ఆడపిల్లల్లో కొందరు మళ్లీ బడికే రాలేదని తెలిసింది. రేపు మళ్లీ అలాంటి జబ్బేదో వచ్చి నెలల తరబడి బడి మూతపడితే హెచ్‌ఎంగా ఏం చేయాలి, హెచ్‌ఎంలకి పై నుంచి ఎలాంటి సాయం అందాలి, వేరే దేశాల్లో ఎవరైనా ఇది చేసి చూశారా అని అడిగారు.

నేను జోగులాంబ గద్వాల జిల్లాలో హెచ్‌ఎంగా పనిచేసి రిటైర్ అయ్యాను. కోవిడ్ వచ్చిన రెండేళ్లూ బడి నా చేతిలోనే ఉంది. మండలంలో కొన్నాళ్లు కాంప్లెక్స్ హెచ్‌ఎంగా, అంటే చుట్టుపక్కల బడుల్ని కలిపి చూసే బాధ్యత కూడా చూశాను. నేను చెప్పేది ఆ అనుభవంలోంచే.

బడి మూతపడ్డాక ఆడపిల్లను చదువులో ఉంచేది, ఆమె కోసం ఇంటికొచ్చి అడిగే మనిషి. పోయిన పాఠాలు తర్వాతైనా చెప్పుకోవచ్చు. పెళ్లయి వెళ్లిపోయిన పిల్లకి ఎవరు చెప్తారు? ఊళ్లో ఆ అడిగే మనిషి చాలాసార్లు హెచ్‌ఎమ్మే. కాబట్టి హెచ్‌ఎంకి సాయం అంటే నా దృష్టిలో మూడే. ఇళ్లకు వెళ్లడానికి తీరిక, చేతిలో కాస్త డబ్బు, వెనక నిలబడే మనిషి.

మొదట నేను చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే మీరు కూడా అదే చేసే అవకాశం ఎక్కువ. 2020 మార్చి మధ్యలో బడులు మూసినప్పుడు నెలాఖరు వరకే అన్నారు. పదో తరగతి పరీక్షలు మార్చి 19న మొదలై మూడు పేపర్లు అయ్యాయి, అక్కడే ఆగిపోయాయి. మళ్లీ పెడతారని ఎదురుచూస్తూ కూర్చున్నాం. జూన్ 8న పరీక్షలు రద్దు, అందరూ పాస్ అన్నారు. ఈ మూడు నెలలూ నా టెన్షన్ అంతా పదో తరగతి మీదే. ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లల ఇళ్లకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. బడి తెరిస్తే వాళ్లే వస్తారులే అనుకున్నాను. ఆగస్టు 27న టీచర్లం బడికి వెళ్లాక, మొదటి వారంలోనే తెలిసింది: తొమ్మిదో తరగతిలో లెక్కల్లో అందరికంటే ముందుండే పిల్లకి మే నెలాఖరులోనే పెళ్లి చేసేశారని. కర్ణాటక వైపు ఇచ్చారు. ఆ పిల్ల నోట్సు పుస్తకం ఇంకా స్టాఫ్‌రూమ్ బీరువాలోనే ఉంది. దిద్దడానికి తీసుకున్నది, తిరిగి ఇవ్వనేలేదు. ఏప్రిల్‌లో నేను ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ పెళ్లి ఆగేదని ఖాయంగా చెప్పలేను. కానీ నేను చేయలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే సంగతి అర్థమైంది. లాక్‌డౌన్‌లో పెళ్లి పెద్ద ఖర్చు లేకుండా అయిపోయింది. యాభై మందికి మించి పిలవకూడదన్నారు, ఫంక్షన్ హాల్ లేదు, ఊరందరికీ భోజనాలు పెట్టక్కర్లేదు. అప్పు చేయకుండా పిల్ల పెళ్లి అయిపోతుందంటే పేద తండ్రికి అది పెద్ద ఆశ. దానికి తోడు వలస వెళ్లిన వాళ్లంతా పని పోయి ఊళ్లకు వచ్చేశారు. ఇంట్లో తినే నోళ్లు పెరిగాయి, సంపాదన ఆగింది. బడి లేని పిల్ల పగలంతా ఇంట్లో కనిపిస్తుంటే, ఈడొచ్చింది, ఏమైనా అయితే ఎలా అని తల్లికి భయం. మన రాష్ట్రంలో ఈ భయం కొత్తగా పుట్టింది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. బడి ఉన్నన్నాళ్లు పిల్ల పదో తరగతి అయ్యేదాకా ఆగుదాం అనే ఒక మాట ఉండేది. బడి మూతపడగానే ఆ మాట పోయింది.

మా వైపు ఇంకోటి ఉంది, సీడు పత్తి. మీకూ కొంత తెలిసే ఉంటుంది. విత్తనాల కోసం వేసే ఆ పత్తిలో చేతితో క్రాసింగ్ చేయాలి. సాయంత్రం పూట ఆడ మొక్క మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి భాగం తీసేసి, ఆనవాలు కోసం రంగు కాగితం పెడతారు. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదని, వంగి చేయడానికి ఎత్తు సరిపోతుందని ఆడపిల్లల్నే పిలుస్తారు. ఆగస్టు నుంచి రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. మామూలు ఏడాదిలో కూడా ఆ నెలల్లో హాజరు పడిపోయేది. మేం వెళ్లి గొడవపడి తెచ్చుకునేవాళ్లం. 2020లో గొడవపడటానికి బడే లేదు. సెప్టెంబర్ 1న టీవీలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి, రాష్ట్ర ప్రభుత్వ చదువుల ఛానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో. సరిగ్గా క్రాసింగ్ నడిచే రోజులవి. పొద్దున పాఠం వచ్చే టైముకి పిల్ల చేలో ఉంది. టీవీ ఇంట్లో తాతయ్య ముందు నడుస్తోంది.

ఫోన్ల గురించి చాలామంది చాలా చెప్తారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామాల్లో బడికెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020కి 61.8 శాతం. బాగానే పెరిగింది. కానీ 2021లో అదే సర్వే అడిగితే, ఫోన్ ఉన్న ఇళ్లలో కూడా నాలుగో వంతు పిల్లలకి అది చేతికి రావడం లేదని తేలింది. మా బడిలో ఫోన్ ఉన్న ఇంట్లో అది నాన్న జేబులోనో అన్న చేతిలోనో ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకి నాన్న వచ్చాక పిల్ల వర్క్‌షీట్ ఫోటో తీసి పంపేది, అది కూడా నెట్ మిగిలితే. ఆడపిల్ల చేతికి ఫోన్ ఇస్తే చెడిపోతుందనే మాట కూడా బాగా తిరిగింది. కాబట్టి మీ ప్రణాళికలో ఫోన్ ఒక్కటే ఆధారం చేసుకోకండి. టీవీ కూడా అంతే.

మరి ఏం చేయాలి అంటే, ఒక పొడుగు నోట్‌బుక్ కొనండి. నేను సెప్టెంబర్‌లో కొన్నాను, మీరు ఇవాళే కొనండి, బడి నడుస్తుండగానే. ఏడు నుంచి పది దాకా ప్రతి ఆడపిల్లకీ ఒక పేజీ. పిల్ల పేరు, ఏ వీధి, పక్కింటివాళ్లెవరు, ఇంట్లో ఎవరి ఫోన్, అది ఎవరి దగ్గర ఉంటుంది, అమ్మానాన్న ఏ నెలలో ఎక్కడికి వలస వెళ్తారు, మేనమామ ఉన్నాడా, ఆ పిల్ల మాట ఎవరు వింటారు. చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఒక్కో ఇంట్లో ఒక్కరు ఉంటారు, నాయనమ్మ కావచ్చు, చదువుకున్న పెదనాన్న కావచ్చు. ఆ మనిషి పేరు ముందే తెలిసి ఉండాలి. పెళ్లి మాట వచ్చాక వెతకడం మొదలుపెడితే దొరకరు. ఈ వివరాలు ఆన్‌లైన్ ఫార్మాట్లలో ఉండవు. అక్కడ ఆధార్ నంబర్ ఉంటుంది, కులం ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది.

నోట్‌బుక్‌లో అన్ని పేజీలకీ ఒకే పని పడదు. మా దగ్గర ఎనిమిది నుంచి పది వరకు అరవై నాలుగు మంది ఆడపిల్లలుంటే, అందులో పదిహేడు పేజీలకి నేను మూల మడిచాను. అక్క పెళ్లి చిన్నప్పుడే అయిన ఇల్లు, తల్లి లేని ఇల్లు, తండ్రి పని పోయిన ఇల్లు, చిన్న తమ్ముళ్లు ఉండి తల్లి కూలికెళ్లే ఇల్లు. ఆ పదిహేడిళ్లకి వారానికోసారి ఎవరో ఒకరు వెళ్లేవాళ్లం, మిగతావాళ్లకి పదిహేను రోజులకోసారి ఫోన్. మేం ఎనిమిది మంది టీచర్లం పంచుకుంటే భారం కాలేదు. వెళ్లినప్పుడు పాఠం చెప్పాలనే రూల్ పెట్టుకోలేదు. గడప బయట నిలబడి, మాస్కు పెట్టుకుని, పిల్లను పేరు పెట్టి పిలిచి నాలుగు మాటలు మాట్లాడి రావడమే. మేడం వస్తుంది, అడుగుతుంది అని ఆ ఇంటికి తెలిస్తే అదే చాలావరకు పనిచేస్తుంది.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. పంచాంగం దగ్గర పెట్టుకోండి. 2020లో జూలై 21 నుంచి శ్రావణ మాసం వచ్చింది, పెళ్లిళ్ల కాలం. సెప్టెంబర్ 18 నుంచి దాదాపు నెల అధిక ఆశ్వయుజం, అప్పుడు పెళ్లిళ్లు చేయరు. ఆ నెల మాకు ఊపిరి పీల్చుకునే టైము దొరికింది. మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేలోపు మడిచిన పేజీల ఇళ్లన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చాం. ఎప్పుడు తిరగాలో పై నుంచి సర్క్యులర్ రాదు, మనమే చూసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద హెచ్చరిక గంట ఒకటుంది. అది టీసీ, పిల్ల బడి మారేటప్పుడు మనం ఇచ్చే కాగితం. పదో తరగతి కాకుండా మధ్యలో ఆడపిల్లకి టీసీ కావాలనో, ఇక్కడ చదివిందని చెప్పే బోనఫైడ్ కావాలనో ఎవరైనా వచ్చారంటే, ఆ కాగితం రాసేముందు ఒక్క నిమిషం ఆగండి. 2020 అక్టోబర్‌లో ఒక రోజు ఎనిమిదో తరగతి పిల్ల తల్లి, మేనమామ వచ్చారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది, ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

"టీసీ ఇయ్యండి మేడం. పిల్లను కర్నూలులో చేర్పిస్తం."

"ఏ బడి అన్నా?"

"చూసుకుంటం మేడం, ముందు కాగితం ఇయ్యండి."

"బడులే తెరవలేదు కదా అన్నా, ఇప్పుడెవరు చేర్చుకుంటారు?"

ఆయన మాట్లాడలేదు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అడ్మిషన్ రిజిస్టర్ తీసి పిల్ల పుట్టిన తేదీ దగ్గర వేలు పెట్టి ఆయనకి చూపించాను. పదమూడేళ్ల ఎనిమిది నెలలు. ఈ తేదీ మార్చడం నా వల్ల కాదు, ఇది పోలీసు అడిగినా, జడ్జి అడిగినా ఇదే చూపిస్తాను అని చెప్పాను. గట్టిగా అనలేదు, మామూలుగానే అన్నాను. తర్వాత ఆయన్ని బయట కూర్చోమని తల్లితో విడిగా మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. ఆయనకి ఇవ్వాల్సిన అప్పు ఉంది, దానికి బదులు సంబంధం.

ఇక్కడ నాకు పనికొచ్చింది కల్యాణలక్ష్మి, పేదింటి ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే సాయం. లక్షా నూట పదహారు రూపాయలు, కానీ పెళ్లినాటికి పిల్లకి పద్దెనిమిది నిండాలి. "ఇప్పుడు చేస్తే ఆ లక్ష పోతుంది అక్కా, అప్పు తీర్చేది ఆ డబ్బుతోనే కదా" అని తల్లికి చెప్పాను. చట్టం కంటే ఈ మాట ముందు పనిచేసింది. ముస్లిం ఇళ్లలో షాదీ ముబారక్ గురించి ఇదే చెప్పాలి. చదువు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇస్తే అప్పుల్లో ఉన్న మనిషికి ఎక్కదు. ఆ పిల్ల ఆగింది. టీసీ రాయలేదు.

ఆగని కేసులూ ఉంటాయి. అప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఫోన్ చేసినవాళ్ల పేరు బయటపెట్టరు. తహసీల్దార్, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారులు, పోలీసులు కలిసి వెళ్లి ఆపుతారు, 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం వాళ్లకి ఆ అధికారం ఇస్తుంది. ఇక్కడ పై అధికారులందరికీ నా విన్నపం ఒకటే: ఫిర్యాదు కాగితం మీద హెచ్‌ఎం సంతకం అడగకండి. ఆమె రేపు పొద్దున అదే ఊళ్లో, అదే వీధిలో మిగతా పిల్లల ఇళ్లకు వెళ్లాలి. పెళ్లి ఆపించిన మేడం అనే పేరు వస్తే తలుపులు మూసుకుంటాయి. నాకు ఒకసారి అలాగే జరిగింది. రెండు నెలలు ఆ వీధిలో ఎవరూ మాట్లాడలేదు, రాత్రి పూట ఇంటి ముందు బండ్లు ఆపి హారన్ కొట్టేవాళ్లు. ఆ రెండు నెలలు నాకు ధైర్యం చెప్పింది ఏ ఆఫీసూ కాదు, పక్క మండలంలో పనిచేసే ఇంకో హెచ్‌ఎం అక్క.

అదే మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా. హెచ్‌ఎంకి ముందు కావాల్సింది ఇంకో హెచ్‌ఎం. మేం పదకొండు మందిమి ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్‌లో కలిసి మాట్లాడుకునేవాళ్లం. ఇద్దరు రిటైరైన పెద్దవాళ్లు కూడా ఉండేవారు. అజెండా లేదు, మినిట్స్ లేవు. ఈ వారం ఎవరి బడిలో ఏ పిల్ల గురించి భయంగా ఉంది, ఎవరేం చేశారు, అంతే. గద్వాల పిల్ల నారాయణపేట వైపు చిన్నమ్మ ఇంట్లో ఉందంటే, ఆ మండలం హెచ్‌ఎం వెళ్లి చూసొచ్చేది. అప్పట్లో మాకు రెగ్యులర్ ఎంఈవో (మండల విద్యాధికారి) లేరు, ఒక హెచ్‌ఎమ్మే ఇన్‌ఛార్జిగా మూడు నాలుగు మండలాలు చూసుకునేవారు. పాపం ఆయన తన బడి చూసుకోవాలా, మా మాట వినాలా? ఇన్‌ఛార్జిలతో నెట్టుకొస్తే మామూలు రోజుల్లో ఎలాగో నడుస్తుంది. కష్టం వచ్చినప్పుడు హెచ్‌ఎంకి ఫోన్ చేయడానికి మనిషే ఉండడు.

తర్వాతది తీరిక. డిజిటల్ పాఠాలు మొదలయ్యాక రోజూ సాయంత్రం లెక్క పంపాలి. ఎంతమంది టీవీలో చూశారు, ఎంతమంది ఫోన్‌లో, ఎంతమంది పక్కింట్లో, ఎంతమంది పంచాయతీ ఆఫీసులో, ఎంతమంది చూడలేదు. అవే అంకెలు ఒక గ్రూపులో ఒకలా, ఇంకో షీట్‌లో ఇంకోలా. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు దానికే పోయేది. తల్లులు పొలం నుంచి ఇంటికొచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. ఆ రెండు గంటలు నేను ఇళ్ల దగ్గర ఉండాల్సినదాన్ని. ఒక పాఠం ఎంతమంది చూశారనే అంకె వారానికోసారి తీసుకుంటే ఏ నష్టమూ లేదు. రోజూ అడగాల్సిన అంకె ఒక్కటే ఉంది, అది ఎవరూ అడగలేదు: పదిహేను రోజులుగా మాటల్లో లేని ఆడపిల్లలు ఎంతమంది, వాళ్లెక్కడ ఉన్నారు?

డబ్బు సంగతి. వంద దాటి రెండు వందల యాభై వరకు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి 50 వేలు స్కూల్ గ్రాంటు. అది వచ్చేసరికి ఆలస్యం, వచ్చాక చాక్‌పీసులు, కరెంటు బిల్లు, రిపేర్లు. ఆటో చార్జీకో, ఒక పిల్ల ఫోన్ రీచార్జికో, పరీక్ష ఫీజుకో రాసుకోవడానికి పద్దు లేదు. మేం జేబులోంచి పెట్టుకున్నాం. టీచర్లందరూ పెట్టుకోగలరని అనుకోకూడదు. బడి మూతపడిన కాలంలో నెలకి ఒక అయిదు వేలు హెచ్‌ఎం తన ఇష్టప్రకారం ఖర్చుపెట్టి, తర్వాత ఎస్‌ఎంసీ, అంటే తల్లిదండ్రులుండే బడి కమిటీ ముందు లెక్క చెప్పే వీలుంటే చాలా చదువులు నిలబడతాయని నా గట్టి నమ్మకం.

ఉదాహరణకి ఒక్క ఫీజు సంగతి చూడండి. పదో తరగతి పరీక్ష ఫీజు 125 రూపాయలు. 2021లో కూడా పరీక్షలు రద్దయ్యాయి, బడిలోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్షల మార్కులతో గ్రేడ్లు ఇచ్చి ఫీజు కట్టిన వాళ్లందరినీ పాస్ చేశారు. అంటే నామినల్ రోల్‌లో, పరీక్షకి మనం పంపే జాబితాలో పేరున్న పిల్ల పాస్, లేని పిల్లకి ఏమీ లేదు. మా బడిలో ఆ ఏడాది నలుగురు ఆడపిల్లలు బడికి రావడం లేదు, ఇంక రారని ఊళ్లో అన్నారు. అయినా మేమే ఫీజు కట్టి పేర్లు పంపాం. నలుగురి చేతిలోనూ ఇప్పుడు పదో తరగతి మెమో ఉంది. అందులో ఒకమ్మాయి పెళ్లయ్యాక ఆ మెమోతోనే ఇంటర్ ఓపెన్‌లో చేరింది. పిల్ల రావడం లేదని పేరు కొట్టేయొద్దు. మీ చేతిలో ఉన్న అతి పెద్ద అధికారం అదే.

పాఠాల విషయంలో మాకు బాగా పనికొచ్చింది ఊళ్లోని అక్కలు. కాలేజీలు, హాస్టళ్లు మూసేశారు కాబట్టి డిగ్రీ, ఇంటర్ చదివే అమ్మాయిలంతా ఇళ్లకు వచ్చేశారు. మా పాత విద్యార్థినులే. ఒక్కో వీధికి ఒకమ్మాయిని అడిగాం. గుడి అరుగు మీదో, ఇంటి వసారాలోనో ఆరేడుగురు పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి గంటన్నర చెప్పేది. చేలో పని అయ్యాక, సాయంత్రం. తల్లిదండ్రులకి ఆ పిల్ల తెలుసు కాబట్టి భయం లేదు. మేం ఆశించని లాభం ఇంకోటి వచ్చింది, చదువు చెప్పే ఆ అక్కల పెళ్లిళ్లు కూడా కొన్ని వాయిదా పడ్డాయి. టీచరమ్మ అని ఊళ్లో పిలుస్తుంటే తండ్రులు మనసు మార్చుకున్నారు. వాళ్లకి ఏమీ ఇవ్వలేకపోయాం, ఒక సర్టిఫికెట్ తప్ప. నెలకి వెయ్యి రూపాయలైనా ఇచ్చే ఏర్పాటు ఉండాల్సింది.

బయటి దేశాల గురించి అడిగారు. ఆఫ్రికాలో సియెర్రా లియోన్ అనుభవం తప్పకుండా తెలుసుకోండి. 2014లో ఎబోలా వచ్చి అక్కడ బడులు మూసి, 2015 ఏప్రిల్‌లో తెరిచారు. ఆ కాలంలో పద్దెనిమిది వేల మందికి పైగా టీనేజీ ఆడపిల్లలు గర్భవతులయ్యారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. బడి తెరిచేటప్పుడు, కనిపించే గర్భంతో ఉన్న పిల్లలు మామూలు బడికి రాకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి కోర్టు 2019 డిసెంబర్‌లో అది తప్పని తీర్పు ఇచ్చాక, 2020 మార్చి చివర్లో నిషేధం ఎత్తేశారు. అంటే సరిగ్గా మన బడులు మూతపడిన నెలలో. అదే దేశంలో బ్రాక్ అనే సంస్థ ఊళ్లలో ఆడపిల్లల క్లబ్బులు నడిపింది. ఒక గది, ఒక పెద్ద అమ్మాయి, వారంలో కొన్ని సాయంత్రాలు. క్లబ్బు ఉన్న ఊళ్లలో ఎక్కువమంది పిల్లలు తిరిగి బడికి వచ్చారని తర్వాత జరిగిన పరిశోధనలో తేలింది. అది చదివినప్పుడు నాకు మా గుడి అరుగులే గుర్తొచ్చాయి.

నిషేధం సంగతి మనకెందుకు అనుకోకండి. మన దగ్గర కాగితం మీద అలాంటి రూల్ లేదు, కానీ మెడలో తాళి ఉన్న పిల్ల తరగతిలోకి వస్తే మనం చూసే చూపు ఉంది. మిగతా పిల్లలు చెడిపోతారు మేడం అని స్టాఫ్‌లోనే ఒకరు అన్నారు. పెళ్లయిన ఇద్దరు పిల్లలు 2021లో తిరిగి వస్తామన్నారు. ఒకమ్మాయి వచ్చింది. పదో తరగతిలో మొదటి రోజు ఆమెను నా పక్కన నడిపించి తీసుకెళ్లి, పాత బెంచీలోనే, పాత స్నేహితురాలి పక్కనే కూర్చోబెట్టాను. ఇంకొకామె గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయిందని వారం తర్వాత తెలిసింది. ఆ రోజు గేటు దగ్గర నేను లేను, వేరే పని మీద మండలానికి వెళ్లాను. బడి తెరిచే మొదటి వారం హెచ్‌ఎంని మీటింగులకి పిలవొద్దని అందుకే అంటాను.

ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసే స్నేహితుల దగ్గర విన్నవి రెండు చెప్తాను. అప్పటి అమ్మ ఒడి పథకం కింద, పిల్లను బడికి పంపినందుకు ఏడాదికి 15 వేలు తల్లి ఖాతాలో పడటం, దానికి 75 శాతం హాజరు అని పెట్టడం వల్ల పేరు బడిలో ఉంచాలనే పట్టుదల తల్లుల్లో ఉండిందని వాళ్లు అంటారు. ఇంకోటి 2021 అక్టోబర్‌లో మొదలైన స్వేచ్ఛ, ఏడు నుంచి ఇంటర్ వరకు ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు. మనం ఈ విషయం సరిగ్గా పట్టించుకోలేదు. బడి మూతపడితే మధ్యాహ్న భోజనంతో పాటు ప్యాడ్లు, వారానికోసారి వేసే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా ఆగిపోతాయి. మా ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగితే మాత్రలు ఇంటికే ఇచ్చింది. అడగాలని నాకు తోచింది నవంబర్‌లో.

కస్తూర్బాలు (పేద ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదివే ప్రభుత్వ బడులు), గురుకులాల గురించి నాది కాస్త గట్టి అభిప్రాయం. అప్పట్లో తెలంగాణలో 475 కస్తూర్బా విద్యాలయాలుండేవి. వాటిలో చదివేది తల్లిదండ్రులు లేనివాళ్లు, వలస వెళ్లిన ఇళ్లవాళ్లు, మధ్యలో బడి మానేసి తిరిగొచ్చినవాళ్లు. వాళ్లకి హాస్టలే బడి, హాస్టలే ఇల్లు. 2021 సెప్టెంబర్ 1న మామూలు బడులు తెరిచినప్పుడు హైకోర్టు ఆదేశంతో గురుకులాలు, హాస్టళ్లు తెరవలేదు, అక్టోబర్‌లో గానీ అనుమతి రాలేదు. ఒకే గదిలో ముప్పై మంది పడుకునే చోట జబ్బు భయం నిజమే, ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. కానీ ఇంటికి పంపిన ఆ పిల్లల్ని ఎవరు చూశారు? పిల్ల చదివే కస్తూర్బా ఒక మండలంలో, పిల్ల సొంత ఊరు ఇంకో మండలంలో. మా ఊరికి వచ్చిన ఆరుగురు కస్తూర్బా పిల్లలు మా నోట్‌బుక్‌లో లేరు, ఎందుకంటే వాళ్లు మా బడి పిల్లలు కారు. తర్వాత చేర్చాను. మీరు మొదటి రోజే చేర్చండి. మీ ఊళ్లో ఉన్న ఆడపిల్ల ఏ బడిలో చదువుతున్నా మీ పేజీలో ఉండాలి. కస్తూర్బా పిల్లలైతే ఆ బడిని నడిపే స్పెషల్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి, మీ పిల్లలు మా ఊళ్లో ఉన్నారు, మేం చూస్తున్నాం అని ఒక్క మాట చెప్పండి. ఆవిడకి అది ఎంత ధైర్యమో.

ఇక బడి తెరిచే ముందు మరుగుదొడ్లు. ఏడాది వాడకుండా వదిలేసిన దొడ్లలో తేళ్లు, చెత్త, విరిగిన కుళాయిలు. ఆ ఏడాది మాకు దొడ్లు కడిగే స్కావెంజర్ కూడా లేదు, పంచాయతీ సఫాయి వాళ్లు వచ్చి చేయాలన్నారు, వాళ్లకి ఊరి పనే తీరదు. సర్పంచ్‌ని, మహిళా సంఘం వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడి, తెరవడానికి నాలుగు రోజుల ముందు శుభ్రం చేయించుకున్నాం. మొదటి రోజు ఆడపిల్ల దొడ్డి చూసి వెనక్కి వెళ్తే, రెండో రోజు రాదు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచాం. తల్లిదండ్రుల అనుమతి పత్రం ఉన్నవాళ్లే రావాలి. మొదటి రోజు సగం మందే వచ్చారు. నేను క్లాసు టీచర్లకి ఒకటే చెప్పాను. హాజరు తీసుకునేటప్పుడు వచ్చినవాళ్ల పేర్లు మాత్రమే రాసి ముగించొద్దు, రిజిస్టర్‌లో ఉన్న ప్రతి పేరూ పైకి పిలవండి, రోజూ పిలవండి. జవాబు రాని పేరు దగ్గర కాస్త ఆగండి. పక్కన కూర్చునే పిల్లలకి అన్నీ తెలుసు, మనం అడగం కాబట్టి చెప్పరు. మూడో రోజు అలా ఒక పేరు పిలిచి ఆగితే, వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "అది వాళ్ల చిన్నమ్మ ఊళ్లో ఉంది మేడం, చిన్న పాపను ఎత్తుకోవడానికి పంపిండ్రు. వస్తానంటది, బస్సు పైసల్లేవు." ఆ రోజు మధ్యాహ్నమే నోట్‌బుక్ తీసి పేజీ చూసుకుని, వాళ్ల నాయనమ్మకి ఫోన్ చేశాను.